సొట్ట గిద్ద

సెమిలిగుడలో నా రంగుల కొట్టుకి వచ్చే మేస్త్రీలందరూ ఒకటే అడుగుతారు. ఈ రంగుకి పసుపెంత, నీలమెంత, కాస్త కాగితం మీద రాసివ్వమ్మా అంటారు. నేను రాయను. దాచుకోవాలని కాదు. నాకు పాళ్లు తెలియవు. ముద్ద వేలితో తీసి, పెంకు మీద రాసి, ఆరబెట్టి, కళ్లతో చూసి చెబుతాను తప్ప, దీనికింత దానికింత అనే లెక్క నా దగ్గర లేదు. నాకెవరూ చెప్పలేదు. చెప్పకూడదని మా పుట్టింట్లో కట్టుబాటు. ఆ కట్టుబాటు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పోగొట్టుకునే ఉద్దేశం కూడా లేదు.

మాది రాయగడ. తాతయ్య పార్వతీపురం వైపు నుంచి సున్నమూ ఎర్రజాజూ తెచ్చి అమ్ముకుంటూ వచ్చి, అక్కడే కొట్టు పెట్టి ఉండిపోయాడట. నాకు ఊహ తెలిసేసరికి ఆ కొట్టు పెదనాన్నగారి చేతిలో ఉంది. మా నాన్న ఆయనకి తమ్ముడు, అన్న మాటకి పెదవి కదపని తమ్ముడు. అందరం కొట్టు వెనకే ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ముందు గదిలో డబ్బా రంగులు, బ్రష్షులు, వార్నీషులు ఉండేవి. వెనక దొడ్లో సున్నం నానబెట్టే తొట్లు. కొట్టు ముందు, వీధిలోకి చూస్తూ ఒక రాతి అరుగు. నానిన సున్నంలో రంగుపొడులు కలిపి ముద్ద చేసే పని ఆ అరుగు మీదే జరిగేది.

డబ్బా రంగులు ఎవరి కొట్లోనైనా దొరుకుతాయి. మా కొట్టుకి పేరు తెచ్చింది ఈ ముద్దలే. అందులోనూ లేత పచ్చ. అప్పుడే మొలిచిన వరినారు రంగులో ఉండేది. గోడకి కొడితే రెండు వానాకాలాలు దాటినా పాలిపోయేది కాదు. రాయగడ వేరే జిల్లా అయిన కొత్తలో, ఎక్కడ చూసినా ఆఫీసులూ క్వార్టర్లూ లేస్తున్న రోజుల్లో, కటక్ వైపు నుంచి వచ్చిన ఆఫీసర్లు కూడా ‘సావుకారు పచ్చ’ అని పేరు పెట్టి అడిగేవారు.

ఆ పచ్చలో ఏముందో మా వీధిలో కుక్కపిల్లకి కూడా తెలుసు. సున్నం, పసుపు పొడి (వంటపసుపు కాదు, పసుపురంగు మట్టి పొడి), నీలిమందు, కాస్త తుమ్మ జిగురు. ఎంతెంత అన్నదే రహస్యం. సున్నాన్ని రేకు డబ్బాతో, పసుపు పొడిని సోలతో, నీలిమందుని గిద్దతో కొలిచేవారు. సోలా, దానికంటే చిన్నదైన గిద్దా, రెండూ తాతయ్య కాలం నాటి ఇత్తడి కొలతగిన్నెలు. పెదనాన్నగారు కలపడానికి కూర్చున్నారంటే వీధికి వీపు తిప్పేసేవారు. పెదాలు కదిలేవి గానీ అంకె బయటికి వినపడేది కాదు. ఆ అంకెలు కొట్లో కూర్చునే మగపిల్లాడికి, అదీ మొదటిరోజు స్నానం చేయించి, తాతయ్య పటం ముందు నిలబెట్టి, చెవిలో చెప్పేవారు. మా పెదనాన్నగారి అబ్బాయికి అలాగే చెప్పారు. అన్నయ్య ఆ రోజంతా ఇంట్లో ఛాతీ విరుచుకుని తిరిగాడు.

ఆడపిల్లలకి మాత్రం చెప్పరు. ఎందుకంటే మా వాళ్లలో సున్నం కొట్టు వాళ్లు సున్నం కొట్టు వాళ్లకే పిల్లనిస్తారు. పిల్లకి పాళ్లు తెలిస్తే అవి అత్తారింటికి వెళ్లిపోతాయి. రేపు ఆ కొట్లో కూడా సావుకారు పచ్చ అమ్ముతారు. అదీ వాళ్ల భయం. నాకు పన్నెండేళ్లప్పుడు నాకూ చెప్పమని అడిగితే పెదనాన్నగారు నవ్వి, “నువ్వు ఎల్లిపోయే పిల్లవి, నీకెందుకే అమ్మీ?” అన్నారు. పెద్దగా కోప్పడి ఉంటే మరిచిపోయేదాన్నేమో. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండిపోయింది.

మీరు చెప్పకపోతే నాకు చేతకాదా అనుకున్నాను. సరిగ్గా ఆ మాటే అనుకున్నాను, బచ్చలి పాదు దగ్గర నిలబడి.

అక్కడి నుంచే మొదలైంది కాబట్టి చెబుతున్నాను. బచ్చలిపళ్లు నలిపితే ఊదా రంగు వస్తుందని ప్రతి పిల్లకీ తెలుసు. ఆ రసంలో చిటికెడు సున్నం పడేస్తే ఊదా కాస్తా పసుపులోకి తిరిగిపోయింది. నేను చేతిలో చిప్ప పట్టుకుని నోరు వెళ్లబెట్టాను. పసుపులో సున్నం వేస్తే ఎర్రబడుతుందని పారాణి కలిపేటప్పుడు చూశాను గానీ, ఊదాగా ఉన్నది పసుపవడం కొత్త. మందారపువ్వు రసంలో వేశాను, అది ఆకుపచ్చకి తిరిగింది. ఇంక నన్ను పట్టేవాళ్లు లేరు. బడిలో రాసుకునే నీలం సిరా సగం ఒంపేశాను. హోలీకి మిగిలిన పొడులు, పొయ్యిలో బొగ్గు, ఇటుకల పొడి, టీ మడ్డి, అమ్మ కుంకుమ భరిణె, దేన్నీ వదల్లేదు. కుంకుమ ముట్టినందుకు అమ్మ వీపు మీద రెండు తగిలించింది. సున్నంలో కుంకుమ నాలుగు రోజుల్లో పాలిపోతుందని తెలిసింది కాబట్టి ఆ రెండు దెబ్బలూ గిట్టుబాటే.

కాగితం మీద రాస్తే సున్నం రాలిపోయేది. గోడ మీద రాస్తే పెదనాన్నగారు చూస్తారు. అందుకని ఇంటి కప్పు నేసినప్పుడు మిగిలిన విరిగిన పెంకులు ఏరుకుని, ఒక్కో పెంకు మీద ఒక్కో రంగు రాసి, దొడ్లో తొట్ల వెనక గోడకి ఆనించి పెట్టేదాన్ని. అప్పుడే ఒక సంగతి తెలిసింది. సున్నం తడిగా ఉన్నప్పుడు అబద్ధం చెబుతుంది. మడ్డిగా, నీరుగారి కనిపిస్తుంది. ఆరాకే అసలు రంగు బయటపడుతుంది. అందుకని రాసిన పెంకుని వంటింట్లో పొయ్యిగట్టు మీద పెట్టి, అది ఆరేదాకా కూర్చునేదాన్ని. పక్కన పప్పు పొంగిపోయినా చూసేదాన్ని కాదు. అమ్మకి నా మీద చచ్చేంత విసుగు.

రెండేళ్లలో సావుకారు పచ్చ నాకు చిక్కింది. ఎన్నో పెంకు మీద చిక్కిందో గుర్తులేదు. కొట్టు గోడ పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. కానీ ఆ పెంకుని మిగతావాటిలో పెట్టకుండా పుస్తకాల సంచిలో వేసుకుని బడికి కూడా పట్టుకెళ్లేదాన్ని.

ఇంకొక మాట. పాళ్లు కలపడం మగాళ్ల పని. గిద్ద తోమడం ఆడపిల్ల పని. ఏటా దసరా ముందు కొట్లో త్రాసు, తూకం రాళ్లు, సోల, గిద్ద అన్నీ చింతపండు పెట్టి తోమి, బొట్లు పెట్టి పూజలో ఉంచేవాళ్లం. తోమడం నా వంతు. ఆ గిద్దకి పక్కన ఒక సొట్ట ఉండేది. తాతయ్య చేతిలోంచి ఎప్పుడో బావిగట్టు మీద పడిందట. బయట నొక్కుకుపోయిన చోటే లోపలికి బుడిపెలా వచ్చింది. తోమేటప్పుడు నా బొటనవేలు బయటి గుంటలో సరిగ్గా కూర్చునేది. కళ్లు మూసుకుని కూడా ఆ గిద్దని పట్టుకోగలను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, తెరుబలి రోడ్డులో కొత్తగా కట్టిన సర్కారు క్వార్టర్లకి మా పచ్చ అడిగారు. మొత్తం ఏడు వరసలు. దసరా ముందే మూడు వరసలకి ముద్ద వెళ్లింది. చాలా బాగుందన్నారు. దసరా వచ్చింది. నేను మామూలుగానే అన్నీ తోమి మామ్మ ముందు పెట్టాను. మామ్మ అంటే పెదనాన్నగారి తల్లి, తాతయ్య భార్య. ఆవిడ గిద్దని ఎత్తి చూసి, సొట్టపోయినదానికి బొట్టు పెట్టి పూజలో ఉంచడం ఇన్నాళ్లూ మనసుకి నచ్చలేదని, వీధిలో గిన్నెలు బాగుచేసేవాడు వెళుతుంటే పిలిచి ఇచ్చింది. వాడు లోపల కొయ్య పెట్టి నాలుగు దెబ్బలు వేసి గుండ్రంగా చేసి ఇచ్చాడు. గిద్ద కొత్తదానిలా తళతళలాడింది. పెదనాన్నగారు కూడా చూసి చాలా ముచ్చటపడ్డారు. ఏళ్ల తరబడి రోజూ పట్టుకున్న ఆయనకి అందులో పోయిందేమిటో తట్టలేదు.

పండగ అయిన వారానికి నాలుగో వరసకి ముద్ద వెళ్లింది. మూడోనాడు పొద్దున్నే ఆ పని చేయిస్తున్న మేస్త్రి వచ్చేశాడు. సైకిలు స్టాండు కూడా సరిగ్గా వెయ్యలేదు. మూడు వరసలు ఒక రంగు, నాలుగోది ఇంకో రంగు వచ్చిందన్నాడు. నీలం ఎక్కువై గచ్చకాయ రంగులా ఉందట. ఇంజనీరు చూసి, వరసలన్నీ ఒక్కలా ఉండాలి, లేకపోతే అంతా తెల్ల సున్నం కొట్టి ఇంకో కొట్టు నుంచి రంగు తెప్పించండి అన్నాడట. మేస్త్రి నోట్లో మాట నోట్లోనే ఉండగా పెదనాన్నగారు లెక్క తప్పలేదన్నారు. మేస్త్రి ముందే వేళ్లు మడిచి చూసుకుని, మళ్లీ అదే మాట అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. లెక్క తప్పలేదు. అన్నే సోలలు, అన్నే గిద్దలు.

ముందు పసుపు పొడి కల్తీ అన్నారు. కొత్త బస్తా విప్పి కలిపారు, మళ్లీ అదే నీలం. సున్నం సరిగ్గా నానలేదన్నారు. ఇంకో తొట్టిలోది తీశారు, అదే నీలం. నీళ్లు మారాయన్నారు. అన్నయ్య చేత కలిపించారు. అన్నయ్యకీ అంకె తెలుసు కదా, అతని చేతిలోనూ అదే నీలం వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నానికి పెదనాన్నగారు ఏం చెయ్యాలో తోచక దొడ్లో పచార్లు చేస్తూ తొట్ల వెనకకి వెళ్లారు. అక్కడ నా పెంకులు కనిపించాయి. నన్ను పిలిచారు. నా వేళ్లకి సిరా ఉంది, గోళ్లలో నీలిమందు ఉంది. దాచుకోవడానికి ఏముంది?

దొరికింది దొంగ అన్నట్టు చూశారాయన. రంగు సామాన్లలో ఆడపిల్ల చెయ్యి పడింది కాబట్టే పచ్చ విరిగిందన్నారు. నీలిమందు బస్తాలో ఏదో కలిపేశానన్నారు. ఇకమీదట దొడ్లోకి గానీ కొట్లోకి గానీ అడుగు పెట్టకూడదన్నారు. బడి నుంచి రావడం, వంటింట్లో ఉండడం, అంతే. చీపురు తీసుకుని నా పెంకులన్నీ కాలవలోకి ఊడ్చేశారు. రెండేళ్ల పని. పెంకులు ఒకదాని మీద ఒకటి పడి పగులుతుంటే నాన్న గుమ్మం దగ్గర నిలబడి నీళ్లు నములుతున్నాడు. నాకు పెదనాన్నగారి మీద కంటే ఆయన మీద ఎక్కువ కోపం వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే పెదనాన్నగారు చెప్పిందే నిజమనుకుంటారని పళ్లు బిగబట్టాను.

భోజనాలయ్యాక మగవాళ్లందరూ నడుం వాల్చారు. మేస్త్రి సాయంత్రం వస్తానని వెళ్లాడు. పోతూ పోతూ మూడో వరస గోడ నుంచి ఊడిన పెచ్చు ఒకటి పోల్చుకోవడానికి అరుగు మీద వదిలి వెళ్లాడు. నేను కొట్లోకి వెళ్లాను. వెళ్లొద్దన్నారు కాబట్టే వెళ్లాను. కొత్త ముద్ద రాసిన రేకు పక్కన ఆ పెచ్చుని పెట్టి చూశాను. పసుపు తగ్గలేదు, నీలం పెరిగింది. నీలం పెరగాలంటే గిద్దలో ఎక్కువ పట్టాలి. గిద్దని చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు అలవాటు కొద్దీ గుంట కోసం వెతికి, నున్నగా జారిపోయింది.

నాకు గట్టిగా నవ్వొచ్చింది. నోరు నొక్కుకున్నాను. ఇన్నేళ్లూ వీళ్లు చెవిలో చెప్పుకున్న అంకెలు, చెంబుడు నీళ్లు పోయించుకుని పటం ముందు నిలబడి నేర్చుకున్న అంకెలు, అన్నీ ఆ సొట్టకి సరిపోయే అంకెలు. సొట్ట పోగానే రహస్యం కూడా పోయింది. ఆ రహస్యం నాకు చెప్పి ఉంటే నేనూ అన్నయ్యలాగే అంకెలు వల్లించుకుంటూ తల గోక్కుంటూ ఉండేదాన్ని.

దొడ్లోకి వెళ్లి గిన్నెలో సున్నం తీశాను. పసుపు వేశాను, నీలిమందు చిటికెలతో వేశాను. కాలవలోంచి నా పెంకులే నాలుగు ఏరి కడిగి, ఒక్కోసారి ఒక్కోటి రాసి పొయ్యిగట్టు మీద ఆరబెట్టాను. అమ్మ చూసి నోట్లో కొంగు కుక్కుకుంది గానీ, పొయ్యిలో ఇంకో పుల్ల ఎగదోసింది. మూడో పెంకు మీద వచ్చింది. సంచిలోని నా పాత పెంకుతో పోల్చాను, అరుగు మీద పెచ్చుతో పోల్చాను. మూడూ ఒకటే.

సాయంత్రం మేస్త్రి వచ్చేసరికి పెదనాన్నగారు, అన్నయ్య, నాన్న అరుగు మీద ఉన్నారు. మామ్మ లోపల తలుపు దగ్గర కూర్చుని వత్తులు చేస్తోంది. మా ఇంట్లో ఆడవాళ్లెవరూ ఆ అరుగు ఎక్కరు. నేను ఎక్కాను. పెంకు తీసుకెళ్లి పెచ్చు పక్కన పెట్టాను.

మేస్త్రి రెండూ ఎత్తి, వీధిలో ఎండ ఇంకా ఉన్నచోటికి నడిచి, అటూ ఇటూ తిప్పి చూశాడు. తిరిగొచ్చి, “ఇదే సావుకారూ, ఇదే కావాలి” అన్నాడు.

పెదనాన్నగారు నా వైపు చూశారు. కోపం కంటే ముందు ఆయన నోట్లోంచి వచ్చింది ప్రశ్న. “ఎన్ని గిద్దలు ఏసేవే?”

“గిద్దతో ఎయ్యనేదు పెదనాన్నా. సూసి ఏసేను.”

ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ అదే అడిగారు. అప్పుడు గిద్దని ఆయన చేతిలో పెట్టి, దాని సొట్ట ఎక్కడుందో చూపించమన్నాను. ఆయన తిప్పి తిప్పి చూశారు. మామ్మ లోపల్నుంచి, ఆ సొట్ట తానే దసరాకి తీయించానని, బాగుందని మీరంతా అన్నారు కదా అని చెప్పింది. మేస్త్రి మొహం పక్కకి తిప్పుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు.

మీరు నమ్మరు గానీ, మర్నాడు పొద్దున్న పెదనాన్నగారు సుత్తి తెచ్చుకుని ఆ గిద్దకి సొట్ట పెట్టడం మొదలుపెట్టారు. ఒక దెబ్బ వేస్తారు, ముద్ద కలుపుతారు, పెచ్చు పక్కన పెడతారు. ఎక్కువ నొక్కుకుపోయింది అంటారు. లోపలి నుంచి కొడతారు. ఇంకో చోట లేస్తుంది. మధ్యాహ్నానికి గిద్ద వంకర్లు తిరిగిపోయింది, పచ్చ మాత్రం రాలేదు. తాతయ్య చేతిలోంచి జారి పడిన సొట్ట ఎవరి సుత్తికి వస్తుంది? చూస్తుంటే జాలేసింది. అయినా నేను కదల్లేదు.

చివరికి ఆయనే నన్ను పిలిపించారు. మిగతా వరసలన్నింటికీ ముద్ద కలిపి పెట్టమన్నారు. దొడ్లో, తొట్ల చాటున. కలిపాక అన్నయ్య మోసుకొచ్చి అరుగు మీద పెడతాడట, అన్నయ్యే కలిపినట్టు. బయట ఎవరికీ తెలియకూడదట. పెంకులు కూడా మళ్లీ పెట్టుకోవచ్చట.

అక్కడే నాకు తిక్క రేగింది. కలపను అన్నాను. కలిపితే అరుగు మీద, వీధి వైపు తిరిగి కూర్చుని కలుపుతాను, లేకపోతే లేదన్నాను. పెదనాన్నగారు చెయ్యెత్తారు. మామ్మ అడ్డొచ్చింది. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, పరువు తీస్తావా, ఒప్పుకోవే అని బతిమాలింది. నాకు పదిహేనేళ్లు నిండలేదు. అంత మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. దొడ్లో దాక్కుని కలిపినన్నాళ్లూ అది దొంగతనమే అవుతుంది కదా. నేను దొంగని కాదు. నాకు కావలసింది ఆ ఒక్కటే, నేను దొంగని కాదని అందరికీ కనిపించడం.

రెండు రోజులు అలాగే గడిచాయి. అన్నయ్య నన్ను చూసి మూతి తిప్పుకున్నాడు. మేస్త్రి రోజూ వచ్చి, మనుషులు ఖాళీగా కూర్చున్నారని, రేపటికి ముద్ద రాకపోతే గుణుపురం రోడ్డు కొట్టు నుంచి తెచ్చుకుంటానని చెప్పి వెళ్లాడు. మూడోనాడు పొద్దున నేను వంటింట్లో కూర్చుని ఉండగా కొట్లో ఏదో ఈడ్చిన చప్పుడైంది. వెళ్లి చూస్తే నాన్న. తను కూర్చునే చెక్కపీట తెచ్చి అరుగు మధ్యలో, వీధి వైపుకి వేస్తున్నాడు. పెదనాన్నగారు ఏమిటిదని అడిగారు. నాన్న ఆయన మొహం చూడకుండా, పీట కదలకుండా కింద ఇటుకముక్క సర్దుతూ జవాబు చెప్పాడు.

“అమ్మి కూకుంటాది అన్నయ్యా. నా సోటు దానికిచ్చేసేను.”

అన్నకి ఎదురు మాట్లాడడం ఆయన జీవితంలో అదే మొదలు. నాకు తెలిసినంతవరకు అదే చివర కూడా. కాలవ దగ్గర ఆయన మీద పెట్టుకున్న కోపమంతా ఒక్కసారిగా పోయింది. కళ్లు తుడుచుకుని వెళ్లి కూర్చున్నాను.

వీధంతా చూసింది. ఎదురు కొట్టు బట్టల సావుకారు చేతిలో గజం బద్దతో అలాగే నిలబడిపోయాడు. సంతకి వచ్చిన కల్యాణసింగ్‌పూర్ వైపు కొండ ఊళ్ల ఆడవాళ్లు, ఇంటి గోడలకి ఎర్రమట్టీ నల్లమట్టీ చారలు తామే పూసుకునేవాళ్లు, కాసేపు ఆగి నా చేతులు చూసి, తమలో తాము ఏదో అనుకుని వెళ్లిపోయారు. వాళ్లకి వింత అనిపించలేదు. వింతంతా మా వాళ్లకే. నాలుగు వరసలకీ ముద్ద నేనే కలిపాను. పాడైన నాలుగో వరస మీద మళ్లీ కొట్టారు. ఏ వరస ముందుదో ఏది తర్వాతదో తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు.

అలా కాలేజీ అయ్యేదాకా, సెలవుల్లోనూ సాయంత్రాలూ ఆ పీట నాదే. పెదనాన్నగారు నా పక్కనే కూర్చునేవారు. పెంకు ఎలా ఆరబెట్టాలో, తడి సున్నాన్ని ఎందుకు నమ్మకూడదో ఆయన అడగలేదు, నేను చేస్తుంటే మాత్రం రెప్ప వెయ్యకుండా చూసేవారు. ఆయన అంకెలు మాత్రం ఆయన దగ్గరే ఉంచుకున్నారు. పనికిరాని అంకెలు. అయినా నాకు చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటాక నాకు సెమిలిగుడ సంబంధం కుదిరింది. అల్యూమినియం ఫ్యాక్టరీ వైపు వెళ్లే రోడ్డు మీద వాళ్లకి సున్నం, సిమెంటు, రంగుల కొట్టు ఉంది. అనుకున్నంతా అయింది కదా, మా వాళ్లు భయపడినది అదే. పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం చేతులకి గోరింటాకు పెట్టించుకుని కడుక్కున్నాను. గోళ్లలో నీలం మాత్రం మేనత్తలు నిమ్మచెక్క పెట్టి ఎంత రుద్దినా పోలేదు. అప్పుడు పెదనాన్నగారు పిలిచారు. తాతయ్య పటం ముందు దీపం వెలుగుతోంది. నాన్న, మామ్మ, అన్నయ్య, మేనత్తలిద్దరూ ఉన్నారు.

మా ఇంటి ఆడపిల్లలు పెళ్లికి ముందు ఒట్టు వెయ్యాలి. ఈ కొట్టు రహస్యం అత్తారింట్లో చెప్పనని, పెద్దవాడి చేతిలో చెయ్యి వేసి. మేనత్తలిద్దరూ వేశారట. వాళ్లకి రహస్యమేమీ తెలియదు, అయినా వేశారు. పెదనాన్నగారు అరచెయ్యి చాపారు. ఆ చేతి నిండా సున్నం తిన్న పగుళ్లు. అత్తారింట్లో నేను పచ్చ కలపకూడదు, ఎవరికీ నేర్పకూడదు. అదీ ఒట్టు.

ఆ చెయ్యి చూస్తే ఒక్క క్షణం మనసు మెత్తబడింది. వేసేస్తే పోయేదేముంది, నలుగురూ సంతోషిస్తారు. మళ్లీ కాలవలో పెంకులు గుర్తొచ్చాయి.

“పెదనాన్నా, మీరు నాకు సెప్పిందంతా ఇక్కడే ఒగ్గేసి ఎల్తాను. ఒక్క ముక్క కూడా పట్టుకెల్లను. మీరు నాకేటి సెప్పేరో అది సెప్పండి, దాని మీద ఒట్టేస్తాను.”

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. పటం వైపు చూశారు, నాన్న వైపు చూశారు, నా గోళ్ల వైపు చూశారు. చాపిన చెయ్యి మెల్లగా ఒళ్లోకి తీసుకున్నారు.

“ఏటీ సెప్పనేదే అమ్మీ” అన్నారు.

“అయితే ఒట్టు నేదు” అన్నాను.